గోపయ్య చేతి తూకం

అనుపమ కంప్యూటర్ విడిభాగాల లిస్టు రాయడం మొదలుపెట్టి నలభై రోజులైంది. ఈ నలభై రోజుల్లో ఆ లిస్టు ఎన్నిసార్లు మారిందని అడిగితే ఆమె కూడా చెప్పలేదు. ఎయిర్‌పోర్టు కార్గోలో పార్సిళ్ల మీద బార్‌కోడ్ గన్ను కొడుతూ కొడుతూ మనసులో ర్యామ్ మార్చేది. షిఫ్టు బస్సు ఎక్కి పాల్మాకుల చేరేలోగా ప్రాసెసర్ మార్చేది. అన్నం ముందు కూర్చున్నాక ఫోన్ తీసి, ఎవరో ఎక్కడో పెట్టిన వీడియో చూసి, మళ్లీ మొదటికి వచ్చేది.

"పట్టుచీర ఏరనీకి గూడ ఇంతసేపు వట్టదే తల్లీ. ముందు ముద్ద నోట్లె పెట్టు" అని తల్లి అమృతమ్మ విసుక్కునేది.

అమృతమ్మకేం తెలుసు? ఉన్నవి యాభై వేలు. రెండేళ్లు ఓవర్‌టైమ్ చేసి కూడబెట్టిన యాభై వేలు. అందులోనే అన్నీ రావాలి. ప్రాసెసర్ మీద వెయ్యి ఎక్కువ పెడితే ర్యామ్ మీద వెయ్యి కోయాలి. అన్నిటికంటే ఎక్కువ మింగేది గ్రాఫిక్స్ కార్డు. ఆటలో బొమ్మను తెర మీద పరిగెత్తించేది అదే. దానికి ఎంత పెట్టినా ఇంకో రెండు వేలు పెడితే ఇంకా మంచిది వస్తుందని ఫోన్‌లో దాని పక్క బొమ్మ ఊరిస్తూనే ఉంటుంది. బడ్జెట్ కంప్యూటర్ కట్టుకునేవాళ్లకు ఈ ఊరింపు కంటే పెద్ద శత్రువు లేదు.

ఇంత తొందర ఎందుకంటే, ఆదివారం ఆట ఉంది. శంషాబాద్‌లో అనుపమా, ఇంకో నలుగురు ఆడపిల్లలూ కలిసి ఒక షూటింగ్ ఆట ఆడతారు. ఏదో కాలక్షేపానికి కాదు, పట్టుదలగా ఆడతారు. ఇన్నాళ్లూ నెట్ సెంటర్లో ఆడేవారు. పోయిన నెల అది మూతపడి మండీ బిర్యానీ హోటల్ అయింది. ఇంతలోనే అమ్మాయిల జట్లకు పెద్ద పోటీ పడింది. మొదటి మ్యాచ్ ఆదివారం పొద్దున పదకొండింటికి. ఎవరింట్లో వాళ్లు సొంత మిషన్ మీద ఆడాలి. మిగతా నలుగురికీ మిషన్లున్నాయి. అనుపమకే లేదు.

జట్టుకు కెప్టెన్ లుబ్నా. శంషాబాద్ పిల్ల, డిగ్రీ చివరి ఏడు, ముక్కు మీద కోపం. అనుపమకు ప్రాణస్నేహితురాలు. అయినా షరతు దగ్గర మాత్రం స్నేహం లేదు, గీహం లేదు.

"సును అనూ, శనివారం సాయంత్రం ఆరింటికల్లా నేను అయిదు పేర్లు పంపాలె. అంతలోపట నీ మిషిన్ మీద మన ఆట అర్ధగంట ఆగకుండ నడవాలె. ఫ్రేములు నూటఇరవైకి తగ్గద్దు. వీడియో కాల్‌ల నాకు చూపియ్యాలె. లేకుంటే నీ జాగల బాలాపూర్ అరుణ ఆడుతది. ఇంకోటి, ఎస్ఎంపీఎస్ మాత్రం నాకు ఫోటో పెట్టకుండ కొనకు. మా అన్న సస్తాది, అగ్గువది కొని మిషిన్ మొత్తం కాలవెట్టిండు. కసమ్?"

"కసమ్" అంది అనుపమ.

ఎస్ఎంపీఎస్ అంటే ఇంటి కరెంటును కంప్యూటర్ తినగలిగేలా మార్చి లోపలికి పంపే డబ్బా. దానికి అందం లేదు, రంగు లేదు, కొన్నాక ఎవరూ దాని ముఖం చూడరు. అందుకే చేతిలో డబ్బు తక్కువైన ప్రతివాడి కన్నూ మొట్టమొదట దాని మీదే పడుతుంది.

శనివారం పొద్దున స్కూటీ తాళం తీసుకునేసరికి తండ్రి గోపయ్య ఉతికిన చొక్కా వేసుకుని గడపలో నిలబడి ఉన్నాడు.

"నేను గూడ వస్త" అన్నాడు.

"బాపూ, నువ్వెందుకు? గవి కంప్యూటర్ సామాన్లు."

"కరెంటు మీద నడిచేదే గద? నడు."

గోపయ్యది పాల్మాకుల రోడ్డు మీద మోటారు వైండింగ్ షాపు. ముప్పై ఏళ్లుగా చుట్టుపక్కల బోరు మోటార్లు కాలితే అక్కడికే వస్తాయి. ఆయన దగ్గర మీటర్లున్నాయి, టెస్టర్లున్నాయి, కానీ వాటికంటే ముందు చెయ్యి. ఏ కరెంటు వస్తువైనా సరే ఎడమ అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి చూస్తాడు. బరువుంటే లోపల రాగి ఉన్నట్టు, తేలికైతే లోపల దగా ఉన్నట్టు. స్టెబిలైజర్ కొనాలన్నా, స్టార్టర్ కొనాలన్నా రైతులు బండిమీద ఎక్కించుకుని ఆయన్ని దుకాణానికి తీసుకుపోయేవారు. ఆయన తల ఊపితేనే డబ్బు తీసేవారు. ఆ చెయ్యి తప్పు చెప్పిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

సామాన్లు దొరికే ఆరాంఘర్ దాకా దారి పొడుగునా గోపయ్య వెనక కూర్చుని ప్రశ్నలు వేస్తూనే ఉన్నాడు. ప్రాసెసర్ అంటే ఏంది? ర్యామ్ ఎందుకు? కార్డు ఎంత కరెంటు లాగుతది? ఫ్యాన్లు ఎన్నుంటయి? తలమీద విమానం దిగుతున్నప్పుడు ఆపేసి, అది దాటగానే ఆపిన చోటినుంచే అందుకునేవాడు. శంషాబాద్ దాటేసరికి అనుపమకు విసుగు. సాతంరాయి దాటేసరికి నవ్వు. ఆరాంఘర్ చేరేసరికి ఒక సంగతి అర్థమైంది. ఈయన కాపలాకు రాలేదు. ఈయనకూ ఆశ పుట్టింది.

ముబష్షిరా దుకాణం చౌరస్తా దగ్గర పాత కాంప్లెక్సు మొదటి అంతస్తులో. నలభై దాటిన మనిషి. అమ్మేదానికంటే వద్దని చెప్పేదే ఎక్కువ. అనుపమ లిస్టు తీసుకుని, పెన్నుతో ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ పోయి, చివర్లో రెండు డబ్బాలు కౌంటర్ మీద పెట్టింది. రెండూ గ్రాఫిక్స్ కార్డులే. ఒకటి చిన్నది, రెండు ఫ్యాన్లది. ఇంకోటి పెద్దది, మూడు ఫ్యాన్లది.

"బేటా, నీ ఆటకు చిన్నది సాలు. నూటఇరవై చెప్పినవు గద, దీంట్ల వస్తది. పెద్దదాంట్ల ఇంకా మస్తుగుంటది. గానీ రెండు వేల రెండొందలు ఎక్కువ."

అనుపమ పెద్ద డబ్బా మూత తెరిచింది. నలభై రోజులుగా ఫోన్‌లో చూస్తున్న బొమ్మ ఎదురుగా ఉంది, నల్లగా, నిగనిగలాడుతూ. గోపయ్య అప్పటికే ఒక ఫ్యాన్ రెక్కను చిటికెన వేలితో తిప్పి చూస్తున్నాడు.

"బేరింగు మంచిగున్నది" అన్నాడు మెల్లగా. ఆ గొంతు విని అనుపమ ఆశ్చర్యపోయింది. కొత్త మోటారు ముందు కూడా ఆయన అంత మెత్తగా మాట్లాడగా ఆమె వినలేదు.

ఆ రెండు వేల రెండు వందలు ఎక్కడినుంచి తేవాలి? ప్రాసెసర్ కదలదు. ర్యామ్ కదలదు. మిగిలింది ఎస్ఎంపీఎస్. ముబష్షిరా ఇచ్చేది మూడు వేల ఎనిమిది వందలు. కిందికి దిగే మెట్ల మలుపులో ఒక బల్ల వేసుకుని ఒకాయన వైర్లు, ఛార్జర్లు అమ్ముతున్నాడు. ఆయన దగ్గర మంటల బొమ్మ వేసిన డబ్బాలో ఒక ఎస్ఎంపీఎస్ ఉంది. ముబష్షిరాది అయిదు వందల యాభై వాట్లయితే దాని మీద ఏడు వందల యాభై అని రాసి ఉంది. ధర పదహారు వందలు. లెక్క వేయక్కర్లేదు. తేడా సరిగ్గా రెండు వేల రెండు వందలు.

గోపయ్య మెట్ల దగ్గరికి పోయి దాన్ని ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. పైకీ కిందికీ ఆడించాడు. పైకి వచ్చి ముబష్షిరాదాన్ని కూడా ఎత్తి చూశాడు.

"గిది తేలిక. కిందిది రెండు కిలోలకు తక్కువ లేదు బిడ్డా. లోపట రాగి దండిగున్నది."

"చాచా, బరువు చూసి కొంటారా దీన్ని?" అంది ముబష్షిరా. అని ఊరుకుంది. గట్టిగా చెబితే తన సరుకు అంటగడుతోందని అనుకుంటారు, అది ఆ బజారులో ఆమెకు అలవాటైన తలనొప్పి.

ఇక్కడ అనుపమ సంగతి ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఆ మంటల డబ్బా కంపెనీ పేరు ఆమె చదివిన ఏ లిస్టులోనూ లేదు. మంచివాటిలో లేదు, చెడ్డవాటిలోనూ లేదు. అసలు ఎక్కడా లేదు. అలాంటిది కొనకూడదని ఆమెకు తెలుసు. లుబ్నాకు చేసిన ప్రమాణమూ గుర్తుంది. ఫోన్ తీసింది. మెట్ల మలుపులో డబ్బా ఫోటో తీయబోయింది. ఆగింది. జేబులో పెట్టేసింది. గోపయ్య ఇంకోసారి "దండిగున్నది" అన్నాడు. మళ్లీ ఫోన్ తీసింది. లుబ్నా వద్దనడం ఖాయం. మళ్లీ జేబులో పెట్టేసింది. బాపు చెయ్యి ఎన్నడైనా తప్పు చెప్పిందా అని తనకు తానే నచ్చజెప్పుకుంది. మనసు ఒప్పుకోకపోయినా చెయ్యి పదహారు వందలు లెక్కపెట్టి ఇచ్చేసింది.

పెద్ద కార్డు కొన్నారు.

ఇంటికొచ్చేదాకా అనుపమ కాళ్లు నేలమీద లేవు. క్యాబినెట్ డబ్బా తండ్రీకూతుళ్ల మధ్య కూర్చుంది, కార్డు డబ్బా గోపయ్య ఒళ్లో. ఇంట్లో మంచం మీద దుప్పటి పరిచి, ఒక్కొక్కటీ విప్పి, వీడియో చూసుకుంటూ బిగించారు. గోపయ్య కళ్లజోడు ముక్కు చివరికి జారిపోయింది. స్క్రూలు ఆయనవి, ఏ వైరు ఎక్కడికో చెప్పేది అనుపమ. "గట్ల గాదు బాపూ, ఇట్ల" అని ఆమె, "నాకు నేర్పుతవా" అని ఆయన. అమృతమ్మ టార్చి పట్టుకుంది. పట్టుకుని పట్టుకుని చెయ్యి నొప్పి పుట్టి, "మీ ఇద్దరికీ పట్టపగ్గాలు లెవ్వు ఇయ్యాల" అంది.

నెట్ సెంటర్ మూతపడ్డప్పుడు కొన్న పాత మానిటర్ తగిలించి, మూడింటికి స్విచ్చు వేశారు.

ఫ్యాన్లు తిరిగాయి. లోపల ఎర్రగా, నీలంగా, పచ్చగా లైట్లు వెలిగాయి. తెర మీద అక్షరాలు వచ్చాయి. అనుపమ కేక పెట్టింది. గోపయ్య ఇంకా పెద్ద కేక పెట్టాడు. "గిదేంది, బోనాలకు లైట్లు గట్టినట్టున్నది" అంది అమృతమ్మ. ఆమెకూ నవ్వు ఆగలేదు.

ఆట తెరిచింది అనుపమ. మూలన చిన్న అంకె కనబడుతోంది. సెకనుకు తెర మీద ఎన్నిసార్లు బొమ్మ మారుతోందో చెప్పే అంకె. దాన్నే ఫ్రేములంటారు. అది ఎంత ఎక్కువుంటే ఆట అంత సాఫీగా పోతుంది.

"నూటతొంభై!" అని అరిచాడు గోపయ్య, తానే పరుగులు తీసినట్టు. "నూటతొంభై రెండు! అమృతా, సూడు!"

లుబ్నాకు ఫోన్ చేద్దామనుకుంది. ముందు పది నిమిషాలు చూసుకుందాం అనుకుంది. పది నిమిషాలు పదిహేనయ్యాయి. చేతులు ఎంత తేలిగ్గా కదులుతున్నాయంటే, రేపు తన ముందు ఎవరూ నిలబడరని ఆ క్షణంలో ఆమెకు గట్టి నమ్మకం. పంతొమ్మిదో నిమిషంలో పెద్ద యుద్ధం మొదలైంది. తెర నిండా పొగ, మంటలు, పరుగులు.

టప్.

తెర నల్లబడింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. క్యాబినెట్ వెనకనుంచి కాలిన వాసన వచ్చింది.

కాలిన వాసనకు గోపయ్య కన్నా ముందు పలికే మనిషి ఆ మండలంలో లేడు. "తీసెయ్! ప్లగ్గు తీసెయ్!" అంటూ తానే లాగేశాడు. ఎస్ఎంపీఎస్ స్క్రూలు విప్పి బయటికి తీశాడు. తెరిస్తే వారంటీ పోతుందని దాని మీద కాగితం అంటించి ఉంది. ఆ కాగితాన్ని స్క్రూడ్రైవర్‌తో చీల్చి మూత ఎత్తాడు.

లోపల అరచేతిలో సగమంత పలక, నాలుగు సన్నటి తీగలు, ఉబ్బిపోయిన ఒక చిన్న కెపాసిటర్. పక్కన నల్ల టేపు చుట్టి, జిగురుతో అంటించిన దిమ్మ. గోపయ్య టేపు విప్పాడు. ఇనుప ముక్క. వట్టి ఇనుప ముక్క. బరువు కోసం పెట్టారు. ఎవరైనా చేత్తో ఎత్తి చూస్తే బరువుగా ఉండాలని, అచ్చంగా గోపయ్యలాంటివాళ్ల కోసమే పెట్టారు.

ఆయన ఆ ముక్కను ఎడమ అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"నా చేతికి అబద్ధం జెప్పిండ్రు" అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే అనుపమకు బాగుండేది.

ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకుంది. తప్పు నీ చేతిది కాదు బాపూ, నాకు తెలిసే కొన్న అని. గోడ గడియారం చూసింది. మూడు ముప్పావు. ఆరింటికి లుబ్నా పేర్లు పంపుతుంది. "పోదాం పా బాపూ" అని మాత్రం అంది.

మానిటర్ తప్ప అన్నీ తిరిగి డబ్బాల్లో సర్ది స్కూటీ మీద పడ్డారు. ఈసారి గోపయ్య ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అనుపమకు భయమేసింది. కార్డు కూడా కాలిపోయి ఉంటే? ఇంత డబ్బు, ఇన్నాళ్ల కష్టం, రేపటి ఆట, అన్నీ ఒక్క టప్‌తో పోయి ఉంటే? అయినా హారన్ మీద నుంచి వేలు తీయకుండా నడిపింది.

ఆరాంఘర్ చేరేసరికి నాలుగు ముప్పావు. గోపయ్య ముందు మెట్ల మలుపు దగ్గర ఆగాడు. ఇనుప ముక్కను బల్ల మీద పెట్టాడు. ఠంగుమంది.

"కంపెనీ నుంచి వచ్చిన మాల్ అన్నా, లోపటేమున్నదో నాకేం తెల్సు?" అన్నాడు బల్లాయన.

"నాకు తెల్వకపాయె, నీకు తెల్వకపాయె. గీ ఇనుముకు తెల్సు. నలుగురిని పిలిచి దీన్నే అడుగుదమా?"

అప్పటికే ముగ్గురు ఆగి చూస్తున్నారు. బల్లాయన పదహారు వందలు తీసి ఇచ్చాడు.

పైన ముబష్షిరా సంగతి వింది. 'నేను చెప్పలేదా' అనలేదు. కౌంటర్ మీది డబ్బాలు పక్కకు నెట్టి, "ముందు కార్డు బతికున్నదో లేదో చూద్దాం. కాలితే మాత్రం నేను వాపస్ తీస్కోలేను బేటా, మాఫ్ చెయ్" అంది. తన దగ్గరి ఎస్ఎంపీఎస్ తగిలించింది. అనుపమ కళ్లు గట్టిగా మూసుకుంది.

ఫ్యాన్లు తిరిగిన చప్పుడు వినిపించింది. కళ్లు తెరిచింది. తెర వెలుగుతోంది.

"అల్లా కా షుకర్" అంది ముబష్షిరా. గోపయ్య కౌంటర్ పట్టుకుని ఊపిరి వదిలాడు. అనుపమ ఎగిరి గంతేసి వెనక ఉన్న కీబోర్డుల దొంతరను పడేసింది.

తరవాత చేయవలసింది చేశారు. పెద్ద కార్డు తిరిగి ఇచ్చి చిన్నది తీసుకున్నారు. మిగిలిన డబ్బుకు బల్లాయన ఇచ్చినది కలిపి మంచి ఎస్ఎంపీఎస్ కొన్నారు. పెద్ద కార్డును డబ్బాలో పెట్టేటప్పుడు అనుపమకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ ఏడవడానికి టైమెక్కడ? అయిదుంబావు. శనివారం సాయంత్రం ఆరాంఘర్ ట్రాఫిక్కులో పడితే పాల్మాకుల చేరేసరికి ఏడు.

"ఇంటికెందుకు? ఈడనే కట్టుండ్రి. నా మానిటర్ వాడుకో, నెట్ వాడుకో" అంది ముబష్షిరా.

అంతే. కౌంటర్ మీదే మొదలుపెట్టారు. ఇంట్లో మూడు గంటలు పట్టిన పని ఇప్పుడు పావుగంటలో అయిపోతోంది. గోపయ్య వేళ్లు మోటారు కాయిల్ చుట్టేటప్పటిలా తడుముకోకుండా కదిలాయి. దుకాణానికి వచ్చినవాళ్లు తమ పని మర్చిపోయి చుట్టూ మూగారు. ఒకాయన స్క్రూలు అందించాడు. ఇంకొకాయన "పెద్ద కేబుల్ గటు" అని సలహా ఇచ్చి, "ముప్పై ఏండ్ల సంది మోటార్లు చేస్తున్న, నాకు చెప్తవా" అని గోపయ్య చేత తిట్లు తిన్నాడు. అయిదు ఇరవయ్యారుకు ఆట తెరుచుకుంది. అనుపమ ఫోన్‌ను కీబోర్డు డబ్బాకు ఆనించి లుబ్నాకు వీడియో కాల్ కలిపింది.

"ఏడున్నవే? ఇల్లు గాదు గదా అది?"

"తర్వాత చెప్త. అంకె చూడు."

నూట ముప్పై ఎనిమిది. మధ్యాహ్నం నూటతొంభై చూసిన కంటికి అది చప్పగా ఉంది. అయినా నిలబడింది. ఎనిమిది నిమిషాలు, పది, పదమూడు. గుంపు ఊపిరి బిగబట్టి ఆ మూల అంకెనే చూస్తోంది. ఎవరు ఎవర్ని కాలుస్తున్నారో వాళ్లకు అక్కర్లేదు. నూట ముప్పై ఒకటికి దిగితే "అరెరె" అన్నారు, నూట ముప్పై ఆరుకు ఎక్కితే చప్పట్లు కొట్టారు.

పంతొమ్మిదో నిమిషం. మళ్లీ పొగ, మంటలు. నూట ఇరవై నాలుగు. నూట ఇరవై రెండు. నూట ఇరవై ఒకటి. అనుపమ చెమటకు మౌస్ జారింది. నూట ఇరవై ఒకటి. నూట ఇరవై ఆరు. దాటింది! గుంపంతా ఈల వేసింది.

ఆ సందడిలో ఒకతను గోపయ్యవైపు తిరిగాడు. మెట్ల దగ్గర ఇనుప ముక్క చూసినవాళ్లలో అతనొకడు.

"ఏం తాతా, మోటార్ మెకానిక్‌నంటివి. ముప్పై ఏండ్ల సర్వీసంటివి. గింత ఇనుప ముక్కకు మోసపోయినవా?"

నలుగురు నవ్వారు. గోపయ్య కూడా నవ్వబోయాడు, రాలేదు.

"నాదే తప్పు. పిల్లకేం తెల్వదు. నేనే బరువు జూసి కొనిపిచ్చిన" అన్నాడు.

తెర మీద అనుపమ మనిషి గోడ చాటున ఆగిపోయాడు. ఏడు నిమిషాలు మిగిలాయి. నోరు మూసుకుని ఏడు నిమిషాలు ఆడితే చాలు, చోటు తనది. ఎదురుగా ఫోన్‌లో లుబ్నా ముఖం, చెవులు రిక్కించి వింటోంది. నిజం చెబితే ఆ పిల్ల పేరు కొట్టేసినా కొట్టేస్తుంది. ఆ సంగతి తెలిసే, తెర మీదినుంచి కళ్లు తిప్పకుండా, అనుపమ అంది:

"బాపు తప్పు గాదు. నాకు తెల్సు."

నవ్వులు ఆగాయి.

"అది మంచిది గాదని నాకు తెల్సు. పెద్ద కార్డు కావాలని ఆశ పుట్టింది. లుబ్నాకు ఫోటో పెడితే వద్దంటదని పెట్టలే. కసమ్ తప్పిన. బాపు చెయ్యి అడ్డం పెట్టుకోని కొన్న. ఇంట్ల చెప్పాలనుకున్న, చెప్పలే. ఎవలన్న నవ్వుతే నన్ను చూసి నవ్వుండ్రి."

వేళ్లు మాత్రం ఆగలేదు. గోడ చాటునుంచి బయటికొచ్చి ఒకణ్ణి పడేసింది.

గోపయ్య కూతురి కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"నాకెర్కే బిడ్డా."

"ఏమెర్క?"

"నువ్వు రెండు మాట్ల ఫోన్ తీసి మల్ల జేబుల వెట్టుకుంటివి. నేను జూడలేదనుకున్నవా? నీకు అనుమానమున్నదని అప్పుడే సమజైంది."

"మరి అడగలేదేంది?"

గోపయ్య మెడ గోక్కున్నాడు. "అడిగితే నువ్వు వద్దందువు. మూడు ఫ్యాన్లది నాకు గూడ కావాలనిపిచ్చింది."

ముబష్షిరా ముందు నవ్వింది. ఆ వెనక దుకాణమంతా నవ్వింది. ఇందాక ఎగతాళి చేసినతను అందరికంటే గట్టిగా నవ్వాడు. అనుపమ నవ్వుతూ కళ్లు తుడుచుకోబోయి, మౌస్ వదిలితే చస్తానని గుర్తొచ్చి, తడి కళ్లతోనే ఆడింది. అయిదు యాభై ఆరు. ముప్పై నిమిషాలు నిండాయి. అంకె ఒక్కసారి కూడా నూట ఇరవై కిందికి దిగలేదు.

"అయింది లుబ్నా" అంది.

లుబ్నా ముఖంలో నవ్వూ లేదు, కోపమూ లేదు. కాల్ కట్ అయింది.

దుకాణంలో టైము చూడనివాడు లేడు. అయిదు యాభై ఏడు. యాభై ఎనిమిది. గోపయ్య ఫోన్ మీదికి వంగి నిలబడ్డాడు. యాభై తొమ్మిది. చేసిందంతా చేసి చివర్లో నోరు జారానా అని అనుపమకు ఒక్క క్షణం అనిపించింది. లేదు, జారలేదు, మళ్లీ అడిగినా అదే చెబుతా అనుకుంది.

ఫోన్ టింగుమంది. జట్టు గ్రూపులో లిస్టు. అయిదు పేర్లు. నాలుగు చదివేసరికి అనుపమకు అక్షరాలు అలికినట్టు కనబడ్డాయి. అయిదోది ముబష్షిరా గట్టిగా చదివింది: "అనుపమ."

కింద ఇంకో వాక్యం ఉంది. 'కసమ్ సంగతి మ్యాచ్ అయినంక మాట్లాడుతా. ఇప్పుడు ఇంటికి పోయి పండు.'

దుకాణం హోరెత్తిపోయింది. ఎవరో టీ తెప్పించారు. ముబష్షిరా క్యాబినెట్ చుట్టూ థర్మాకోల్ పెట్టి స్వయంగా తాడు కట్టింది. ఇంటి దారిలో గోపయ్యే బండి నడుపుతానన్నాడు. అనుపమ వెనక కూర్చుని కంప్యూటర్‌ను రెండు చేతులా వాటేసుకుంది.

ఆరాంఘర్ చౌరస్తాలో ఊహించినట్టే అంతా ఇరుక్కుపోయింది. ముందు ఒక ఆటో అడ్డంగా ఆగి ఉంది. గోపయ్య హారన్ కొట్టాడు. ఆటో కదల్లేదు. మళ్లీ కొట్టాడు. ఆటో ఆయన తల బయటికి పెట్టి, "ఏంది పెద్దాయనా అంత తొందర?" అన్నాడు.

గోపయ్య మెడ నిక్కించి అందరికీ వినబడేలా చెప్పాడు.

"జర జరుగు అన్నా. రేపు పదకొండింటికి మాకు మ్యాచ్ ఉన్నది."